నీళ్ళలోకి దిగే నాలుగు బోల్టులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సాలూరులో లారీ ఉన్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పాతికేళ్ళుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నాను. డ్రైవర్లు ఎదురుగా మేస్త్రీ అంటారు, వెనక మిరపకాయ్ అంటారట. అననీ. పని బాగుంటే పేరేదైనా ఒకటే. కానీ ఆ కోపం వల్ల ఒక్కసారి నా చేతిలో పని చెడింది. చెడిపోడానికి దానికి మా బావ బండే దొరికింది. ఎవరికైనా చెప్పుకోవాలని చాన్నాళ్ళుగా ఉంది, సిగ్గేసి ఊరుకున్నాను.

ముందు పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అందదు. ఇంజను కింది భాగం బ్లాకు. దాని మీద మూతలా కూర్చునేది హెడ్డు. రెంటికీ మధ్య పల్చటి గాస్కెట్టు. హెడ్డును బ్లాకుకి అదిమిపట్టేవి హెడ్ బోల్టులు. వాటిలో చాలావరకు అడుగు మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగుతాయి. వాటికి ఓ చుక్క ఇంజనాయిలు చాలు. కొన్ని ఇంజన్లలో మాత్రం కొన్ని బోల్టులు బ్లాకు లోపల నీళ్ళు తిరిగే చోటికి పోతాయి. బావ బండిలో అలాంటివి నాలుగు. వాటి మరలకి సీలెంటు రాయాలి. మేం పేస్టంటాం, ట్యూబు నొక్కితే తెల్లగా వస్తుంది. అది రాయకుండా బిగించామా, నీళ్ళు మర వెంబడి పైకెక్కుతాయి. బోల్టు తల దగ్గర తేలి, చుక్కా చుక్కా ఆయిల్లో కలుస్తాయి. ఆయిలు పాలెక్కువైన టీ రంగుకి తిరుగుతుంది. తర్వాత బేరింగులు పోతాయి, క్రాంకు పోతుంది. అదీ ఒక్కరోజులో కాదు, వారమో పది రోజులో పడుతుంది. ఆ వారం పది రోజులూ బండి ఏ రోగమూ లేనట్టే తిరుగుతుంది.

ఈ షెడ్డు మా నాయిన పెట్టింది. హెడ్ బోల్టులు దించేటప్పుడు షెడ్డులో మాట వినపడకూడదని ఆయన పెట్టిన కట్టుబాటు. "మాట ఎటెల్తే సెయ్యి అటెల్తాది" అనేవాడు. నేనూ అదే పట్టుకున్నాను. ఫోను తీసి బిస్కెట్ల డబ్బాలో పడేస్తాను. బండిగలాయన్ని ఎదురుగా ఉన్న టీకొట్టుకి పంపేస్తాను. ఓసారి ఖైదీలని తీసుకెళ్ళే వ్యాన్ తెచ్చిన పోలీసాయన్ని కూడా పంపించాను. ఆయన కళ్ళెర్రజేసినా వెళ్ళి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో నేను లే, వెళ్ళు అనలేకపోయిన మనిషి బావ ఒక్కడే.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ళది బొబ్బిలి. సొంత లారీ, తోలేదీ తనే. రెండేళ్ళ కిందట మేనకోడలికి ఓణీల వేడుక చేశారు. మేనమామ బట్టలు నేనే తేవాలి. ఆ రోజే ఒక బండి అర్జంటని పట్టుకుని కూర్చున్నాను, పని ముగించి అదే చొక్కాతో పరిగెత్తాను. బట్టల సంచికి నల్లగా నా వేళ్ళ ముద్రలు పడ్డాయి. భోజనాల దగ్గర, వరసలో అందరూ కూర్చుని ఉండగా, బావ ఆ సంచి పైకెత్తి చూపించాడు. "పట్టుబట్టక్కూడా గ్రీజు రాసి తెచ్చినాడ్రా మావోడు! బేరింగనుకున్నాడు గావాల" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కలిపిన అన్నం ఆకులోనే వదిలేసి లేచి వచ్చేశాను.

విస్తరి ముందు నుంచి లేచిపోయానని బావకి తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ నవ్వులపాలు చేశాడని నాకు మంట. ఇద్దరం పట్టుదలకి పోయాం. నలిగింది మా అప్ప. రెండేళ్ళు బజారు పనుందని మొగుడికి చెప్పి బొబ్బిలిలో బస్సెక్కేది. మా ఇంట్లో వంటగది గడప దగ్గర నిలబడేది, నిలబడే మాట్లాడేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. ఫోన్లో టైము చూసుకుంటూ ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోయేది. తను పుట్టిన ఇల్లది. అయినా నోరు తెరిచి బావా అనడానికి మనసొప్పేది కాదు. అంత దరిద్రపు పట్టుదల నాది.

అలాంటిది, నౌపాడ నుంచి ఉప్పు లోడుతో ఒరిస్సా పోతూ రామభద్రపురం దాటగానే బావ బండికి గాస్కెట్టు పోయింది. ఇంకో షెడ్డుకి లాగిద్దామనుకున్నాడట. ఫోన్లో సంగతి విని అప్ప పడనివ్వలేదు. "మా తమ్ముడు ముట్టుకోని ఇంజనున్న బండి నానెక్కను" అని కూర్చుందట. లారీని తాడేసి లాక్కొచ్చి నా షెడ్డు ముందు ఆపారు. వెనకే అప్ప చేతిసంచితో బస్సు దిగింది. నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. అప్ప, మా ఆవిడ వంటింట్లో ఇకిలించుకుంటుంటే షెడ్డులోకి వినపడేది. మొదటి రోజే అప్ప నా గడ్డం పట్టుకుంది. "ఒరే, ఈ ఒక్కపాలికి నోరు కట్టేసుకో. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు మంచిదైతే నాకు పుట్టిల్లుంటాది" అంది. సరేనన్నాను.

మూడు రోజులు కట్టేసుకున్నాను కూడా. బావ క్యాబిన్లో పడుకునేవాడు, పగలు షెడ్డులో పాత టైరు మీద కూర్చునేవాడు. హెడ్డు అడుగు చదును చేయించడానికి లేతు మిషను షాపుకి పంపాను. ఇద్దరం గోడతో మాట్లాడేవాళ్ళం. "హెడ్డు లేతుకాడ్నుంచి వచ్చిందో లేదో మరి" అని ఆయన గోడనడిగేవాడు. "సాయంత్రానికి వస్తాది" అని నేను రెంచీకి చెప్పేవాణ్ణి. మా ఆవిడ చూసి చీరకొంగు నోట్లో కుక్కుకునేది.

నాలుగో రోజు బోల్టులు దించాలి. బోల్టులన్నీ బ్రష్షుతో తోమి, ఏ రంధ్రానిది ఆ వరసలో గాస్కెట్టు అట్టపెట్టె మూతకి గుచ్చి పెట్టుకున్నాను. ఫోను డబ్బాలో వేశాను. బావ వంక చూశాను. టైరు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఇంటల్లుణ్ణి, అందునా రెండేళ్ళ తర్వాత గుమ్మం తొక్కినవాణ్ణి, బయటికి పొమ్మని ఏ నోటితో అంటాను? మాట్లాడడులే అనుకున్నాను. ఆయిలు బోల్టులన్నీ అయ్యాయి. పేస్టు ట్యూబు తీసి నీటి బోల్టులు మొదలెట్టాను.

అప్పుడన్నాడు. గోడతో కాదు, నాతోనే. "ఒరే, విస్తరికాడ్నుంచి లెగిసినప్పుడున్న సురుకు పనిలో లేదేటిరా?"

ఇప్పుడు ఆలోచిస్తే, రెండేళ్ళలో బావ నా మొహం చూసి అన్న మొదటి మాట అది. వేళాకోళంతో మొదలెట్టి కలిసిపోదామనుకున్నాడు పాపం. నాకప్పుడా బుద్ధి ఏదీ? చేతిలో ఉన్నది అక్కడ పడేసి తిరిగాను. "ఆ రోజు నా బట్టలు పదిమందిలో ఎత్తి సూపించినప్పుడున్న సురుకు నీకిప్పుడేదీ? దమ్ముంటే నువ్వే బిగించుకో! ఉప్పు బస్తాలు నెత్తినెట్టుకుని కొండెక్కు!" ఇంకా చాలా అన్నాను, రాయడానికి బాగోదు. బావ లేచి నిలబడ్డాడు. అప్ప గరిటెతో పరిగెత్తుకొచ్చి మా మధ్య నిలబడింది. "మీ ఇద్దరికీ దండమెడతాను" అని నిజంగానే గరిటె పట్టుకునే రెండు చేతులూ జోడించింది, ఒకసారి అటు తిరిగి, ఒకసారి ఇటు తిరిగి.

బావ కూర్చున్నాడు. నేను ఇంజను వైపు తిరిగాను. ఆ తర్వాత చేతులే పని చేసుకుపోయాయి. మూడు విడతలుగా, నడిమి నుంచి చివరలకి, సరిపడా బిగుసుకోగానే టక్కుమనే టార్కు రెంచీతో బిగించాను. సాయంత్రం బండి స్టార్టు చేస్తే ఒక్క చుక్క కారలేదు. గంటసేపు నడిపాం, ఇంజను పాడినట్టుంది. మర్నాడు ఏడింటికి అప్ప కట్టిచ్చిన క్యారేజీతో బావ ఒరిస్సా పోయే ఘాట్ రోడ్డు వైపు, అప్ప బొబ్బిలి బస్సులో ఇంటికి వెళ్ళారు. వెళ్ళేముందు బావ గోడకి కూడా ఏమీ చెప్పలేదు.

ఎనిమిదింటికి పనిముట్లు సర్దుతుంటే పేస్టు ట్యూబు చేతికొచ్చింది. మూత లేదు. మూత పెట్టకుండా నేనెప్పుడూ వదలను. ఎందుకు వదిలానా అని ఆలోచించాను. నాలుగుకీ రాశానా?

రాసే ఉంటాను. పాతికేళ్ళ చెయ్యి. కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోతే బావ మాట గుర్తొస్తోంది, నా అరుపు గుర్తొస్తోంది, అప్ప గరిటె గుర్తొస్తోంది. బోల్టు మాత్రం గుర్తుకి రావడం లేదు. ట్యూబు నొక్కి చూశాను. నిన్న ఎంతుందో ఎవరికి తెలుసు? తుడుచుకున్న గుడ్డ వెతికి పట్టుకున్నాను. తెల్ల మరకలున్నాయి, అవి నిన్నటివో మొన్నటివో. గోళ్ళు చూసుకున్నాను. షెడ్డులోకి, వీధిలోకి, మళ్ళీ షెడ్డులోకి తిరిగాను. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయాను.

"ఏటలా కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు?" అంది మా ఆవిడ. చెప్పాను. నవ్వింది. "తాళమేసినానో లేదోనని ఊరి సివరి నుంచి ఎనక్కొచ్చిన మనిషివి. ఎన్నిసార్లు వచ్చి సూసినా తాళం ఏసే ఉన్నాది కదా!" నిజమే, నాకా జబ్బుంది. ఇదీ అదేలే అని కూర్చున్నాను. రెండు నిమిషాలు కూర్చోలేకపోయాను. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చెప్పకుండా ఊరుకుందామని కూడా అనుకున్నాను. ఇంజను ఈరోజు పోదు. పది రోజుల తర్వాత ఎక్కడో కోరాపుట్ అవతల పోతుంది. లేతులో తప్పనొచ్చు, గాస్కెట్టు కల్తీదనొచ్చు. కానీ బావేమనుకుంటాడు? ఆ అరుపులు అరిచిన మనిషి, చేతిలో పని పడేసి తిరగబడిన మనిషి, కావాలనే చేశాడనుకోడూ? పగబట్టి బావ ఇంజను చెడగొట్టాడని ఊరంతా అనుకుంటుంది. అప్ప అనుకోదు, కానీ ఇక మా గడప దగ్గరికి ఆ ఇరవై నిమిషాలకి కూడా రాదు. అది తలుచుకునేసరికి చొక్కా తడిసిపోయింది.

బావకి ఫోను చేశాను. ఘాట్‌లో సిగ్నలుండదు, తెలుసు, అయినా ఆరుసార్లు చేశాను. అప్పకి చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. పేస్టు, రెంచీలు సంచిలో వేసి నా మోటారుసైకిలుకి తగిలించాను. నీళ్ళ డబ్బా వెనక కట్టాను. టార్కు రెంచీని కర్రలాగ పెట్రోలు ట్యాంకు మీద అడ్డంగా పెట్టుకున్నాను. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని మా ఆవిడ గుమ్మంలోంచి అంటూనే ఉంది, నేను వీధి మలుపు తిరిగిపోయాను.

పాచిపెంట దాటాను. ఘాట్ మొదలైంది. ముందు పోతున్న ప్రతి లారీ బావదే అనిపించేది. దగ్గరికెళ్తే కాదు. ప్రతి మలుపులో రోడ్డు పక్కన పొగలు కక్కుతూ ఆగి ఉంటాడనుకునేవాణ్ణి, ఉండేవాడు కాదు. లేనందుకు సంతోషించాలో, ఇంకా పైకి పోయాడని ఏడవాలో తెలియలేదు. చివరికి ఒరిస్సా సరిహద్దు దగ్గరి సుంకి ఇంకా కొంత దూరముందనగా, డ్రైవర్లు ఆగే టీకొట్టు దగ్గర ఆయన లారీ కనపడింది. బావ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

నన్ను చూసి గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఏటయిందిరా? మీ అప్పకేటైనా అయ్యిందేటి?"

"అప్ప బాగుంది." నీళ్ళు నమిలాను. "బావా, నీటి బోల్టులకి పేస్టు రాసేనో లేదో గుర్తు రాటం లేదు."

అనుకున్నట్టు ఆయన తిట్టలేదు. నిలబడి నా మొహం చూశాడు. తర్వాత గబగబా అన్నాడు. "రాసేవు. నాను సూసేను కదా. నాలుగుకీ రాసేవు. దీనికోసం ఇంత దూరం వచ్చీసేవేటి? టీ తాగి ఎల్లు."

అమ్మయ్య అనిపించింది. ఒళ్ళు తేలికైంది. టీ రెండు గుక్కలు తాగాను. మూడో గుక్క గొంతు దిగలేదు. బావ కూర్చున్న టైరు ఇంజనుకి కుడిపక్క. ఆ నాలుగు బోల్టులూ ఎడమపక్క. మధ్యలో అంత ఇంజను.

"అటుపక్క కూకుని ఎలా సూసేవు బావా?"

"సూసేనంటే సూసేన్రా!" అని అరిచాడు. "లోడు బండి. సీకటి పడకుండా దింపాలి. నడిరోడ్డు మీద ఇంజను ఇప్పుతావేటి?"

"ఇప్పుతాను."

"పిచ్చేటి నీకు?"

"పిచ్చే. ఇప్పకుండా నాను కొండ దిగను. నువ్వు బండి తీస్తే ఎనకాలే కోరాపుట్ అవతల జైపూరు దాకా వస్తాను."

వస్తానని ఆయనకీ తెలుసు. తల కొట్టుకుని తాళాలు నా మీదికి విసిరాడు.

ఘాటెక్కిన ఇంజనుని వేడి మీద ముట్టుకోకూడదు. చల్లారడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నేను నిలబడలేదు, కూర్చోలేదు. బండి చుట్టూ తిరిగాను. పది నిమిషాలకోసారి హెడ్డు మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీశాను. రాయి తీసి లోయలోకి విసిరాను. ఎక్కే లారీలు లెక్కపెట్టి మధ్యలో మర్చిపోయాను. బావ మాత్రం చెట్టు నీడలో తుండు పరుచుకుని ఆవులిస్తున్నట్టు నటించాడు. ఒంటిగంటకి క్యారేజీ విప్పాడు. మూతలో సగం అన్నం పెట్టి, వంకాయకూర వేసి, నా వైపు తోశాడు.

"తిను. మజ్జిలో లెగిసిపోతే కాళ్ళిరగ్గొడతాను."

తిన్నాను. రుచి తెలియలేదు గానీ మెతుకు వదల్లేదు.

చల్లారాక క్యాబిన్ ముందుకి వంచి, నీళ్ళు దింపి, హెడ్డు మీది రేకు మూత విప్పాను. హెడ్డు మొత్తం వదులైపోకుండా ఒక్కొక్క బోల్టే తీసి చూడాలి. మొదటిది తీశాను. మరల నిండా తెల్లగా పేస్టు. బావ నా భుజం మీద నుంచి వంగి చూస్తున్నాడు. "సెప్పేనా లేదా?" అన్నాడు. తుడిచి, కొత్త పేస్టు రాసి, బిగించాను. రెండోదీ తెల్లగానే ఉంది. "నీ అనుమానం తగలెయ్య" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మూడోది ఊరికే తియ్యాలి కాబట్టి తీశాను.

తడిగా వచ్చింది. మరల సందుల్లో నీళ్ళు. పేస్టు చుక్క లేదు. పక్కన పెట్టి, ఆ రంధ్రం గుడ్డ దోపి ఆరబెట్టాను. పేస్టు రాసి దాన్ని బిగించాక నాలుగోది తీశాను. అదీ అంతే.

బావ ఆ తడి బోల్టుని నా చేతిలోంచి తీసుకున్నాడు. తిప్పి తిప్పి చూశాడు. "రెండోదాని తరవాతన్నమాట, నాను నోరు తెరిసింది" అన్నాడు మెల్లగా.

"మరి సూసేనన్నావేటి?"

"నానేటీ సూళ్ళేదు." బోల్టునే చూస్తున్నాడు. "రాసేవో లేదో నాకేటి తెలుసురా? ఇప్పితే ఏది బయటపడతాదోనని బయమేసింది. ఇంజను పోతే పోద్ది, మళ్ళీ నీకాడికే లాక్కొస్తాను. ఇప్పుడిప్పి తేడా వస్తే మళ్ళీ నువ్వో మాట, నానో మాట... ఈ నాలుగు రోజులూ మీ అప్ప మొకం సూసేవా నువ్వు? మా ఇంట్లో రెండేళ్ళయింది ఆ నవ్వు ఇని."

నాకు కళ్ళు మండాయి. చెయ్యి చాపి బోల్టు తీసుకున్నాను. శుభ్రంగా తుడిచి, పేస్టు రాసి, దించి, బిగించాను. బావ ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. రెంచీ మూడోసారి టక్కుమన్నాక ఇద్దరం బంపరు మీద చతికిలబడ్డాం. పేస్టు కాస్త పట్టేదాకా ఆగి నీళ్ళు పోద్దామన్నాను.

అప్పుడు ఎక్కడిదో సిగ్నలు దొరికి బావ ఫోను మోగింది. అప్ప. బావ స్పీకరు నొక్కాడు.

"ఎక్కడున్నావు? బండి బాగున్నాదా?"

"బాగుంది. నీ తమ్ముడు నా పక్కనే ఉన్నాడు."

అప్ప గొంతు పల్చగా వచ్చింది. "ఏల వచ్చినాడు? మళ్ళీ కొట్టుకుంటన్నారేటి?"

"లేదే. ఇద్దరం కలిసి నీ వంకాయకూర తిన్నాం."

"ఓపాలి ఆడికియ్యి" అంది. ఫోను నా చేతిలో పెట్టాడు. అప్ప గొంతు తగ్గించింది, పక్కింటివాళ్ళని ఏదో చేబదులు అడుగుతున్నట్టు, భయంభయంగా. "ఒరే తమ్ముడూ, మీ బావ తిరిగొచ్చీసిన తరవాత... ఆదోరం ఇద్దరం కలిసి మీ ఇంటికి వద్దామా? వస్తే ఓ పూట ఉందామా? నీకేటి ఇబ్బంది లేదు కదా?"

నా తోబుట్టువు, నన్ను చంకనేసుకుని ఆ ఇంట్లో తిప్పిన మనిషి, అదే ఇంటికి రావడానికి నన్ను పర్మిషన్ అడుగుతోంది. దాన్ని ఈ స్థితికి తెచ్చింది నేనే. "ఏటే, అడుగుతావేటే నన్ను? అది నీ ఇల్లు కాదేటి?" అని ఘాట్ దద్దరిల్లేలా అరిచాను. టీకొట్టు దగ్గర డ్రైవర్లందరూ తిరిగి చూశారు. బావ నా చేతిలోంచి ఫోను తీసుకుని, "వస్తామంటన్నాడే, వస్తాం" అని, రమ్మంటన్నాడనబోయి తడబడి, మొహం అటు తిప్పేసుకున్నాడు.